పొద్దున ఎక్కించిన ఫాంటు సాయంత్రానికి ఎటు పోయింది?

మాఘమాసం, ముహూర్తాల సీజను. మా డీటీపీ సెంటర్లో కిటికీ పక్క కంప్యూటర్ మీద ఇద్దరం పనిచేస్తాం. పొద్దున నేను, సాయంత్రం ఇంకో కుర్రాడు. ఎవరి లాగిన్ వాళ్లది. పని ఫైళ్లు మాత్రం డీ డ్రైవ్‌లో ఇద్దరికీ ఉమ్మడి. ఆ రోజు పెళ్లివారు వచ్చి నా పక్కనే కుర్చీలు లాక్కుని రెండు గంటలు కూర్చున్నారు. వధూవరుల పేర్లకు ఫాంట్లు మార్చి మార్చి చూపిస్తుంటే, చివరికి ఎక్కడో ఫ్లెక్సీ మీద చూసిన లావుపాటి అక్షరాలు కావాలన్నారు. ఫోటో చూస్తే అది రామభద్ర. మా దగ్గర లేదు. అప్పటికప్పుడు డౌన్‌లోడ్ చేసి, ఎక్కించి, ప్రూఫు తీసిచ్చాను. సంతకం పెట్టి వెళ్లారు.

సాయంత్రం ఏడింటికి ఫోన్.

"అన్నా, రామభద్ర ఎక్కించానన్నావు. ఇక్కడ లేదు. పేర్లన్నీ గులాబీ రంగు పట్టీలో వస్తున్నాయి."

"ఎక్కించాన్రా. పొద్దున ప్రూఫు తీసింది ఆ కంప్యూటర్లోనే కదా."

"కంప్యూటర్ ఇదే అన్నా. ఫాంటే లేదు."

పేజీలు కూర్చడానికి మేం వాడే ఇన్‌డిజైన్ ప్రోగ్రాములో గులాబీ పట్టీ అంటే ఫాంటు దొరకలేదని గుర్తు. ఇద్దరం నిజమే చెప్పాం. కానీ కార్డు ఆ రాత్రి ప్రింటుకు వెళ్లాలి. టెన్షన్‌లో కుర్రాడు దగ్గరగా కనిపించిన ఇంకో లావు ఫాంటు పెట్టి పంపించేశాడు. మర్నాడు పెళ్లివారి ముందు ఏం జరిగిందో చెప్పనక్కర్లేదు. అయిదు వందల కార్డులు మళ్లీ వేశాం, మా ఖర్చుతో.

తిరకాసు మనం వాడే మాటలోనే ఉంది. "కంప్యూటర్లో ఎక్కించాను" అంటాం. ఇప్పటి విండోస్‌లో మనం ప్రత్యేకంగా అడిగితే తప్ప ఫాంటు కంప్యూటర్ మొత్తానికీ ఎక్కదు. లాగినై ఉన్న మనిషి ఖాతాలోకి మాత్రమే ఎక్కుతుంది. నేను నా బీరువాలో పెట్టి తాళం వేసుకుని ఇంటికి వెళ్లాను. కుర్రాడు తన బీరువా తెరిచి వెతుక్కున్నాడు.

ఇంకో సంగతి. శుభలేఖ ఫైలులో ఫాంటు ఉండదు, దాని పేరు మాత్రమే ఉంటుంది. "ఈ రెండు మాటలు రామభద్రలో, ఇంత సైజులో" అని రాసిన చీటీ లాంటిది. ఫైలు తెరవగానే ప్రోగ్రాము ఆ చీటీ పట్టుకెళ్లి ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడుగుతుంది. సిస్టమ్ ఇప్పుడు లాగినై ఉన్నవాళ్లకు ఏయే ఫాంట్లు అందుబాటులో ఉన్నాయో చూసి జవాబిస్తుంది. అందుకే ఒకే ఫైలు, ఒకే కంప్యూటర్, ఇద్దరికి రెండు రకాలుగా కనిపిస్తుంది.

విండోస్‌లో రెండు ఇళ్లు

పాతకాలంలో ఈ గొడవ లేదు. సీ డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్, దాని లోపల ఫాంట్స్ ఫోల్డర్. ఫాంటు ఏదైనా అక్కడికే వెళ్లేది, అందరికీ కనిపించేది. కాకపోతే అక్కడ పెట్టాలంటే అడ్మిన్ అధికారం కావాలి. మామూలు లాగిన్ ఉన్నవాళ్లు చిన్న ఫాంటు ఎక్కించాలన్నా ఓనరుగారు వచ్చి పాస్‌వర్డ్ కొట్టాల్సిందే. ఓనరు ప్రతిసారీ ఎక్కడ వస్తాడు? అందుకని చాలాచోట్ల అందరికీ అడ్మిన్ లాగిన్లు ఇచ్చేసి చేతులు దులుపుకున్నారు.

2018లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ 1809తో పద్ధతి మారింది. అప్పటినుంచి ప్రతి యూజరుకూ సొంత ఫాంట్ల ఇల్లు ఒకటి వచ్చింది. అది ఆ యూజరు ప్రొఫైల్లో, యాప్‌డేటా అనే దాచిన ఫోల్డర్లో, లోకల్, మైక్రోసాఫ్ట్, విండోస్, ఫాంట్స్ అని మెట్లు మెట్లుగా దిగితే కనిపిస్తుంది. ఫాంటు ఫైలు మీద రైట్ క్లిక్ చేస్తే ఇప్పుడు రెండు మాటలు వస్తాయి. "ఇన్‌స్టాల్" అంటే నాకు మాత్రమే. "ఇన్‌స్టాల్ ఫర్ ఆల్ యూజర్స్" అంటే అందరికీ. మొదటిదానికి అడ్మిన్ అనుమతి అక్కర్లేదు, రెండోదానికి కావాలి. అడ్మిన్ లాగిన్లో ఉన్నా సరే, ఉత్త ఇన్‌స్టాల్ నొక్కితే అది మీ ఇంట్లోకే వెళ్తుంది. నేను చేసిన తప్పు అదే. చేతికి పాత అలవాటు, సిస్టమ్‌కు కొత్త అర్థం. విండోస్ 11లో అయితే ఈ రెండో మాట "షో మోర్ ఆప్షన్స్" వెనక దాక్కునీ ఉండొచ్చు. ఇక సెట్టింగ్స్‌లోని ఫాంట్ల పేజీలోకి ఫైలును లాగి వదిలితే అది కూడా మామూలుగా మీ ఒక్కరి ఖాతాకే.

ఒక ఫాంటు ఏ ఇంట్లో ఉందో తెలుసుకోవడం తేలికే. సెట్టింగ్స్‌లో పర్సనలైజేషన్, అందులో ఫాంట్స్. ఫాంటు పేరు నొక్కితే వచ్చే వివరాల్లో ఫైలు చిరునామా ఉంటుంది. అందులో మీ యూజర్ పేరు కనిపిస్తే అది మీ సొంతం. విండోస్ ఫోల్డర్ కనిపిస్తే ఉమ్మడి. సొంతదాన్ని ఉమ్మడిగా మార్చాలంటే ముందు దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేసి, తర్వాత అందరికీ ఎక్కించండి. ఈ వరస తప్పితే ఒకే పేరుతో రెండు కాపీలు మిగిలిపోయి, ఇంకో రోజు ఇంకో తలనొప్పి తెస్తాయి.

సొంత ఖాతాలో ఎక్కించిన ఫాంటును అన్ని ప్రోగ్రాములూ చూడలేవు. విండోస్ ఫాంట్స్ ఫోల్డరును నేరుగా తడుముకునే పాత సాఫ్ట్‌వేర్లు కొన్ని ఉన్నాయి. వాటికి ఈ కొత్త ఇంటి సంగతే తెలియదు. అలాగే ఎవరూ లాగిన్ కాకపోయినా వెనకాల సర్వీసుగా నడిచే ప్రోగ్రాములు, అంటే ఒక ఫోల్డర్లో ఫైలు వేయగానే పీడీఎఫ్ చేసిపెట్టే లాంటివి, వేరే ఖాతా కింద నడుస్తాయి. వాటికి మీ సొంత ఫాంటు కనిపించదు. స్క్రీను మీద బాగున్న ఫైలు పీడీఎఫ్‌లో పాడైందంటే ముందు చూడాల్సింది ఇదే.

అడ్మిన్ అనుమతి ఎందుకు పెట్టినట్టు?

అక్షరాల బొమ్మలకు ఇంత కాపలా ఎందుకని నాకూ అనిపించేది. ఫాంటు ఉత్త బొమ్మల కట్ట అయితే అక్కర్లేదు. కానీ ట్రూటైప్ ఫాంటులో హింటింగ్ అని ఒకటి ఉంటుంది. చిన్న సైజులో అక్షరం గీతలు పిక్సెళ్ల మీద సరిగ్గా కూర్చునేలా చేసే ఆదేశాలవి. నిజానికి అదొక బుల్లి ప్రోగ్రాము. పాత విండోస్‌లో ఫాంటు ఫైలును విప్పి, ఆ ఆదేశాలను నడిపే పని సిస్టమ్ గుండెకాయ లాంటి కెర్నెల్‌లో జరిగేది. ఎవడైనా కావాలని మెలికపెట్టి తయారుచేసిన ఫాంటు అక్కడికి చేరితే కంప్యూటర్ మొత్తం వాడి చేతిలోకి పోవచ్చు.

ఇది ఊహ కాదు. 2011లో బయటపడిన డుకు అనే మాల్వేర్ సరిగ్గా ఈ దారినే వచ్చింది. వర్డ్ ఫైలులో పొదిగిన ఒక ట్రూటైప్ ఫాంటు, దాన్ని చదివే కెర్నెల్ భాగంలో ఒక లోపం. ఫైలు తెరిస్తే చాలు. 2015 జులైలో ఓపెన్‌టైప్ ఫాంట్లను చదివే డ్రైవర్లో ఇంకో లోపం బయటపడితే, మైక్రోసాఫ్ట్ నెలవారీ అప్‌డేట్ దాకా ఆగకుండా విడిగా ప్యాచ్ వదిలింది. విండోస్ 10లో ఈ చదివే పనిని కెర్నెల్ నుంచి తప్పించి, అధికారాలు తక్కువగా ఉండే వేరే ప్రాసెస్‌కు అప్పగించారు. మామూలు యూజర్లు సొంతంగా ఫాంట్లు ఎక్కించుకునే వీలు ఆ తర్వాతే వచ్చింది.

కాబట్టి ఫాంట్ల కోసమని అందరికీ అడ్మిన్ లాగిన్లు ఇచ్చిన సెంటర్లు ఇప్పుడు వాటిని వెనక్కి తీసుకోవచ్చు. కస్టమరు పెన్‌డ్రైవ్‌లో "రెండు వేల తెలుగు ఫాంట్లు" అని జిప్ ఫైలు తెస్తాడు చూడండి, అది అడ్మిన్ లాగిన్లో విప్పాల్సిన వస్తువు కాదు. ఫాంటు అని పేరు పెట్టుకుని లోపల ఇంకేదో ప్రోగ్రాము ఉండటమూ మామూలే. డబుల్ క్లిక్ చేయబోయే ముందు ఫైలు పేరు చివర టీటీఎఫ్, ఓటీఎఫ్, టీటీసీ అని ఉందో లేదో చూడటానికి రెండు సెకన్లు పడుతుంది.

ఏది ఉమ్మడి, ఏది సొంతం

కార్డుల దెబ్బ తిన్నాక మొదట చేసిన పని, అన్నీ అందరికీ ఎక్కించేయడం. రెండు నెలల్లో ఫాంట్ల మెనూ కొల్లేటి చాంతాడంత అయింది. పైగా ఆ మెనూ ఇంగ్లిష్ అక్షరక్రమంలో ఉంటుంది. ధూర్జటి మొదట్లో, తిమ్మన చివర్లో, మధ్యలో మనకు ఎన్నడూ అక్కర్లేని వందల ఇంగ్లిష్ ఫాంట్లు. కొన్ని ప్రోగ్రాములు తెరుచుకోవడానికే అన్ని ఫాంట్లనూ ఒకసారి చూసుకుంటాయి, అదొక ఆలస్యం.

ఇప్పుడు మేం పెట్టుకున్న పద్ధతి ఇది. రోజూ వాడేవి, అంటే మ్యాటర్‌కు మండలి, నోటో సెరిఫ్ తెలుగు లాంటివి, హెడ్డింగులకు రామభద్ర, ఎన్టీఆర్ లాంటివి ఒక ఇరవై దాకా అందరికీ. ఎవరికైనా ఒక ఫాంటు ముచ్చటపడి చూడాలనిపిస్తే వాళ్ల ఖాతాలో మాత్రమే. అది రెండోసారి పనికొస్తే ఉమ్మడిలోకి వస్తుంది, లేకపోతే పోతుంది. ఒక్క కార్డు కోసం, ఒక్క పుస్తకం కోసం తెచ్చినవి మాత్రం కంప్యూటర్లోకే ఎక్కించం. అవి పనితోపాటే ఉంటాయి.

ఈ మూడోదాని సంగతి చాలామందికి తెలియదు. ఇన్‌డిజైన్ సీఎస్5 నుంచి ఒక సదుపాయం ఉంది. పని ఫైలు ఉన్న ఫోల్డర్లోనే "డాక్యుమెంట్ ఫాంట్స్" అనే పేరుతో ఒక ఫోల్డర్ పెట్టి, అందులో ఫాంటు ఫైలు వేస్తే, ఆ ఫైలు తెరిచినంతసేపూ ఆ ఫాంటు పనిచేస్తుంది. మూసేస్తే మాయం. ఏ లాగిన్ అయినా ఒకటే, అడ్మిన్ అనుమతి అక్కర్లేదు, మెనూలో చెత్త పేరుకోదు. "ప్యాకేజ్" అనే ఆదేశం ఇస్తే ఈ ఫోల్డరును అదే తయారుచేస్తుంది. ఫోల్డర్ పేరు మాత్రం ఇంగ్లిష్‌లో అక్షరం తేడా లేకుండా ఉండాలి. ఆ రోజు నేను ప్యాకేజ్ చేసి ఇంటికి వెళ్లి ఉంటే అయిదు వందల కార్డులు మిగిలేవి.

వర్డ్‌లో దీనికి బదులు ఫాంటును ఫైలులోనే పొదిగే వీలుంది. ఆప్షన్స్‌లో సేవ్ పేజీలో "ఎంబెడ్ ఫాంట్స్ ఇన్ ద ఫైల్" అని ఉంటుంది. లిబ్రేఆఫీస్‌లో ఫైలు ప్రాపర్టీస్‌లో ఫాంట్ ట్యాబ్ చూడండి. అయితే పొదగనివ్వాలా వద్దా అన్నది ఫాంటు తయారుచేసినవాళ్లు ఫాంటు లోపలే గుర్తుపెట్టి ఉంచుతారు. వద్దన్న ఫాంటును వర్డ్ పొదగదు.

విండోస్‌లో ఫాంట్లను తీసేయకుండా మెనూలోంచి దాచే వీలు కూడా ఉంది. ఎవరికి వాళ్లు దాచుకోవచ్చు, పక్కవాళ్లకు తేడా పడదు. వినడానికి బాగుంటుంది గానీ, చాలా డిజైన్ ప్రోగ్రాములు ఆ దాపరికాన్ని లెక్కచేయవు. నేను దాని మీద ఆశ వదులుకున్నాను.

మాక్, లినక్స్

మాక్‌లో ఈ విభజన మొదటినుంచీ స్పష్టంగా ఉంది. సిస్టమ్ లోపలి లైబ్రరీలో ఆపిల్ పెట్టిన ఫాంట్లు, వాటిని ముట్టుకోనివ్వదు. డిస్కు పైమెట్టులో ఉన్న లైబ్రరీలో అందరికీ కావలసినవి. ప్రతి యూజరు హోమ్ ఫోల్డర్లో ఉన్న లైబ్రరీలో వాళ్ల సొంతానివి. ఒకే ఫాంటు రెండుచోట్లా ఉంటే మామూలుగా సొంతదానిదే పైచేయి. ఫాంట్ బుక్ అనే ప్రోగ్రాము సెట్టింగుల్లో, కొత్త ఫాంటు ఎక్కడికి వెళ్లాలో ఒకసారి చెప్పిపెడితే చాలు. సొంత లైబ్రరీ ఫోల్డరును 2011 నుంచి దాచి ఉంచుతున్నారు, ఆప్షన్ కీ నొక్కిపట్టి గో మెనూ తెరిస్తే కనిపిస్తుంది.

లినక్స్‌లో ఆలోచన అదే, పేర్లు వేరు. ప్యాకేజీల ద్వారా వచ్చేవి యూఎస్ఆర్ కింద షేర్‌లో ఉన్న ఫాంట్స్‌లోకి వెళ్తాయి. మనం చేత్తో అందరి కోసం పెట్టేవి యూఎస్ఆర్, లోకల్, షేర్, ఫాంట్స్‌లో. సొంతానివి హోమ్‌లో చుక్కతో మొదలయ్యే లోకల్ అనే దాచిన ఫోల్డర్లో, షేర్ కింద ఫాంట్స్‌లో. తెలుగువాళ్లకు ఒక సుఖం ఏమిటంటే, తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు చేసిన పోతన 2000, వేమన 2000 డెబియన్, ఉబుంటుల్లో "ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా" అనే ప్యాకేజీలో సిద్ధంగా దొరుకుతాయి. ఒకసారి ఎక్కిస్తే అన్ని లాగిన్లకూ వస్తాయి.

చేత్తో పెట్టేటప్పుడు మాత్రం ఒక గుంట ఉంది, తెలిసిన స్కూలు ల్యాబులో నేనే పడ్డాను. ఫాంట్లు సరైన ఫోల్డర్లోనే వేశాను. సిస్టమ్ దగ్గరున్న ఫాంట్ల జాబితాను తాజా చేసే ఎఫ్‌సీ-క్యాష్ ఆదేశం నడిపాను. నాకు కనిపించాయి, పిల్లల లాగిన్లలో ఒక్కటీ లేదు. గంటసేపు కాన్ఫిగరేషన్ ఫైళ్లన్నీ తిరగేశాక ఫైళ్ల అనుమతులు చూస్తే, అన్నీ 600. అంటే ఓనరు తప్ప ఇంకెవరూ చదవకూడదని. నా హోమ్‌లోంచి కాపీ చేసినప్పుడు ఆ అనుమతులే వెంట వచ్చాయి, ఓనరును నేనే. ఫైళ్లకు 644, ఫోల్డర్లకు 755 ఇచ్చి, ఎఫ్‌సీ-క్యాష్ మళ్లీ నడపగానే అందరికీ వచ్చేశాయి. ఎవరికి ఏం కనిపిస్తోందో చూడాలంటే ఆ యూజరు లాగిన్లోనే ఎఫ్‌సీ-లిస్ట్ నడపాలి. భాష దగ్గర తెలుగు కోడు టీఈ ఇస్తే తెలుగు ఉన్న ఫాంట్లు మాత్రమే వరసపెట్టి చూపిస్తుంది. మన లాగిన్లో నడిపి "ఉన్నాయిగా" అనుకుంటే ప్రయోజనం లేదు.

గోదాము వేరు, కొట్టు వేరు

ఉమ్మడి ఫాంట్లంటే చాలామంది చేసేది, అందరికీ తెరుచుకునే ఒక ఫోల్డర్ పెట్టి అందులో అన్నీ పోయడం. అది మంచిదే. కాకపోతే అది గోదాము. అక్కడ ఉన్నంత మాత్రాన ఫాంటు మెనూలోకి రాదు, ఎవరో ఒకరు కొట్టులోకి తెచ్చి సర్దాలి. గోదాములో వెయ్యి ఉన్నా ఇబ్బంది లేదు, కొట్టులో ఇరవై చాలు. గోదామును అందరూ చదవగలగాలి, అందులో కొత్తది వేసే అధికారం మాత్రం ఒక్కరికే ఉండాలి. మా దగ్గర ఆ ఒక్కరు నేను, తిట్లు తినేదీ నేనే.

గోదాములో మొదట పెళ్లికార్డులు, ఫ్లెక్సీలు, పుస్తకాలు అని వాడకాన్ని బట్టి విడగొట్టాను. కుదరలేదు. ఒకే ఫాంటు మూడింటికీ పనికొస్తుంది, మూడు ఫోల్డర్లలోనూ మూడు కాపీలు తయారయ్యాయి. ఇప్పుడు మొదటి విభజన యూనికోడా (అన్ని భాషల అక్షరాలకూ తలా ఒక స్థానం ఇచ్చే ప్రమాణం), పాత పద్ధతా అన్నది. ఆ తేడా కింద చెబుతాను. ఆ లోపల ఫాంటు కుటుంబానికో ఫోల్డర్, అందులో ఫాంటు ఫైళ్లతోపాటు దాని లైసెన్సు కాగితం, ఎక్కడ దొరికిందో, ఏ తేదీన తెచ్చామో ఒక లైను.

ఫైలు పేరు మారిస్తే ఫాంటు పేరు మారుతుందనుకోవడం ఒక భ్రమ. మెనూలో కనిపించే పేరు ఫాంటు లోపల ఒక పట్టికలో రాసి ఉంటుంది, వెర్షన్ నంబరు కూడా అక్కడే. ఫైలుకు "కొత్త రామభద్ర ఫైనల్ 2" అని పెట్టుకున్నా మెనూలో రామభద్రే. కాబట్టి ఒకే ఫాంటు రెండు వెర్షన్లలో, ఒకటి ఉమ్మడిలో, ఇంకొకటి ఎవరి ఖాతాలోనో ఉంటే, ప్రోగ్రాము దేన్ని తీసుకుంటుందో చెప్పలేం. వెర్షన్ల మధ్య అక్షరాల వెడల్పు వెంట్రుకవాసి మారినా చాలు, పేరాలో చివరి మాట కింది లైనుకు జారుతుంది, పేజీ చివరి లైను తర్వాతి పేజీకి పోతుంది. రెండొందల పేజీల పుస్తకంలో అది జరిగితే విషయసూచిక మొత్తం తప్పు.

విండోస్ ఫాంట్స్ ఫోల్డర్లో ఫైలు పేరు చివర అండర్‌స్కోర్, సున్నా కనిపిస్తే అదే ఫాంటును ఎవరో రెండోసారి ఎక్కించారని గుర్తు. నోటో సాన్స్ తెలుగు లాంటి వాటితో ఇంకో రకం చిక్కు. సన్నం నుంచి లావు దాకా ఒకే ఫైలులో ఇమిడిన వేరియబుల్ ఫాంటు ఒకటి, ఒక్కో మందానికి ఒక్కో ఫైలుగా ఉండే మామూలు సెట్టు ఇంకొకటి దొరుకుతాయి. రెండింటి పేరూ ఒకటే. రెండూ కలిపి ఎక్కిస్తే గొడవపడతాయి. ప్రింటు పనికి పాత సాఫ్ట్‌వేర్లు వాడేచోట మామూలు సెట్టే ఉంచుకోవడం నయం.

ఫాంటు తీసేయబోతే "వాడుకలో ఉంది" అని సిస్టమ్ మొండికేస్తుందా? యూజర్‌ను స్విచ్ చేసి వెళ్లిపోయిన పక్కవాళ్ల సెషన్‌లో ఏదో ప్రోగ్రాము ఇంకా దాన్ని పట్టుకుని ఉండొచ్చు. లాగవుట్ వేరు, స్విచ్ వేరు. మా కుర్రాడికి ఎన్నిసార్లు చెప్పినా స్విచ్చే నొక్కుతాడు. రీస్టార్ట్ చేసి, ఎవరూ లాగిన్ కాకముందే తీసేస్తే పని అయిపోతుంది.

తెలుగుకు ఉన్న అదనపు చిక్కు

ఇంగ్లిష్ పని చేసేవాళ్లకు ఫాంటు పోతే అందం పోతుంది. మనకు ఒక్కోసారి మ్యాటరే పోతుంది.

యూనికోడ్‌లో తెలుగుకు 1991లో వచ్చిన మొదటి వెర్షన్ నుంచే సొంత చోటు ఉంది, 128 స్థానాల గది. అక్కడ క అంటే ఏ ఫాంటులోనైనా క. ఫైలు సురన్నలో టైపు చేసి, తెరిచిన లాగిన్లో సురన్న లేకపోతే, వర్డ్ లాంటి ప్రోగ్రాములు విండోస్ 8 నుంచి సిస్టమ్‌తోపాటే వస్తున్న నిర్మలా యూఐతో సర్దుకుంటాయి. అందం చెడుతుంది, లైన్లు జారుతాయి, మాటలు మాత్రం చదవగలం. ఇన్‌డిజైన్‌లో డబ్బాలు కనిపించినా మ్యాటర్ లోపల క్షేమంగానే ఉంటుంది.

ప్రెస్సుల్లో ఏళ్ల తరబడి నడిచిన అను ఫాంట్ల లాంటి పాత పద్ధతి వేరు. వాటిలో తెలుగు అక్షరాల ముక్కలను, తలకట్టు, గుడి, వత్తు ఇలా, ఇంగ్లిష్ అక్షరాలకు కేటాయించిన స్థానాల్లో కూర్చోబెట్టారు. యూనికోడ్ తెలుగు ప్రోగ్రాముల్లో సరిగ్గా పనిచేయని కాలంలో అదొక్కటే దారి, దాంతోనే వేల పుస్తకాలు వచ్చాయి. కానీ కంప్యూటర్ దృష్టిలో ఆ ఫైలులో తెలుగే లేదు. ఫాంటు అనే ముసుగు తీసేస్తే కింద ఇంగ్లిష్ అక్షరాలు, కొమ్ములు, చుక్కల కలగాపులగం. ఒక్కో కంపెనీది ఒక్కో అమరిక కాబట్టి ఒకరి ఫాంటు బదులు ఇంకొకరిది పెట్టినా చదవలేం. అందుకే పాత పద్ధతి ఫాంట్లు ఒక్కరి ఖాతాలో ఉండిపోవడం అసలు ప్రమాదం. అవి ఉంటే అందరికీ ఉండాలి, లేదా ఆ పని చేసే లాగిన్ ఒక్కటే ఉండాలి. మధ్యేమార్గం లేదు.

పాత యూనికోడ్ ఫైళ్లతోనూ ఒక చిన్న తిరకాసు ఉంది. విండోస్ ఎక్స్‌పీ కాలం నుంచి ఉన్న గౌతమి, విండోస్ 7తో వచ్చిన వాణి ఇప్పుడు సిస్టమ్‌తో నేరుగా రావు. ఆప్షనల్ ఫీచర్స్‌లో "తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్" అని ఉంటుంది, దాన్ని చేర్చుకోవాలి. ఎవరి పెన్‌డ్రైవ్‌లోంచో గౌతమి కాపీ తెచ్చి ఎక్కించే పని లేదు.

లైసెన్సు గురించి రెండు ముక్కలు. మండలి, రామభద్ర, సురన్న, గిడుగు లాంటి ఫాంట్లు ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఉన్నాయి. ఎన్ని కంప్యూటర్లలోనైనా, ఎంతమందికైనా ఇచ్చుకోవచ్చు, పనితోపాటు పంపొచ్చు. ఫాంటును విడిగా అమ్మకూడదు, లైసెన్సు కాగితం వెంట ఉండాలి. కొన్న ఫాంట్లు అలా కాదు. కొన్నింటికి కంప్యూటర్ల లెక్క, కొన్నింటికి మనుషుల లెక్క. ఒక్కరి కోసం కొన్న ఫాంటును "అందరికీ" అని నొక్కితే, తెలియకుండానే నలుగురు వాడుతున్నట్టే. అడోబీ ఫాంట్స్ లాంటి చందా ఫాంట్లు లాగినైన ఖాతాతో ముడిపడి ఉంటాయి, అదే కంప్యూటర్లో పక్కవాళ్లు తమ ఖాతాతో లాగినైతేనే వాళ్లకు వస్తాయి. ప్యాకేజ్ చేసినా అవి ఫోల్డర్లోకి కాపీ కావు.

మొన్నామధ్య ఒక పెద్దాయన చేతిలో పాత శుభలేఖ పట్టుకుని వచ్చారు. పెద్దమ్మాయి పెళ్లికి మా దగ్గరే వేయించిన కార్డు. "బాబూ, చిన్నదానికి కూడా అచ్చం ఇదే కావాలి, పేర్లు, ముహూర్తం మారిస్తే చాలు" అన్నారు. కొన్నేళ్ల కిందటి ఫైలు, పాత పద్ధతి ఫాంటు. ఫైలు దొరికింది, కొత్త కంప్యూటర్లో తెరిస్తే ఇంగ్లిష్ కలగాపులగం. మూలన ఉన్న పాత కంప్యూటర్ ఆన్ చేశాం. ఫాంటు అందులో ఉంది, కానీ మానేసి వెళ్లిపోయిన ఆపరేటరు లాగిన్లో. పాస్‌వర్డ్ ఎవరికీ తెలియదు. అడ్మిన్ లాగిన్లోంచి ఆ ప్రొఫైల్ ఫోల్డర్లోకి వెళ్లి, ఒక్కో ఫోల్డరే దిగుతూ ఫాంట్స్ దాకా చేరాం. కావలసిన ఫైలు అక్కడుంది. గోదాములోకి కాపీ చేసుకుని, కార్డు ఫోల్డర్లోనే డాక్యుమెంట్ ఫాంట్స్ తెరిచి అందులో వేశాను. పక్కన కూర్చున్న కుర్రాడు ఈసారి నన్నే అడిగాడు.

"అన్నా, ప్యాకేజ్ చేశావా?"